నేర్చుకున్నవి పోతున్నాయా? పాపలో రెట్ సిండ్రోమ్ లక్షణాలు ఎలా గుర్తుపట్టాలి, ఆ తర్వాత ఏం చేయాలి

ఏడాది, ఏడాదిన్నర వయసున్న ఆడపిల్ల. కాన్పు బాగానే జరిగింది, తల నిలిపింది, కూర్చుంది, "అత్త", "తాత" అని ఒకటి రెండు మాటలు కూడా అంది. ఇప్పుడు ఆ మాటలు వినపడటం లేదు. బొమ్మ చేతికిస్తే పట్టుకోవడం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళకి చెబితే "కొంతమందికి లేటవుతుందమ్మా, వాళ్ళ నాన్న నాలుగేళ్ళకి గానీ మాట్లాడలేదు" అంటున్నారు. మీ ఇంట్లో పరిస్థితి ఇదే అయితే కింద రాసిన పనులు ఈ వారంలోనే మొదలుపెట్టండి.

పెద్దవాళ్ళ మాటలో తప్పు లేదు, కొంతమందికి నిజంగానే లేటవుతుంది. కానీ ఇంకా రాకపోవడం వేరు, వచ్చింది పోవడం వేరు. రాని మాట కోసం కొన్నాళ్ళు చూడొచ్చేమో గానీ, వచ్చిన మాట పోయిందంటే, పట్టుకునే చెయ్యి పట్టుకోవడం మానేసిందంటే, ఒక్క నెల కూడా ఆగకూడదు. ఇలా వెనక్కి వెళ్ళడానికి కారణాలు చాలా ఉంటాయి. వినికిడి తగ్గడం, ఆటిజం, బయటికి కనపడని ఫిట్స్, కొన్ని మెటబాలిక్ జబ్బులు (ఒంట్లో జరిగే రసాయన మార్పుల్లో లోపాలు), వీటిలో ఏదైనా కావచ్చు. ఆ జాబితాలో ఆడపిల్లల విషయంలో తప్పకుండా గుర్తుంచుకోవాల్సిన పేరు రెట్ సిండ్రోమ్, అంటే ఒక జన్యువులో మార్పు వల్ల మెదడు ఎదుగుదల దెబ్బతినే జబ్బు. సుమారు పది, పదిహేను వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది. అరుదైనదే, అందుకే చాలామంది పిల్లల డాక్టర్లు కూడా పుస్తకంలో చదివి ఉంటారు తప్ప ఎదురుగా చూసి ఉండరు. మీరు గమనించి తీసుకెళ్ళే వివరాలకి అంత విలువ ఉండేది అందుకే.

ముందు ఫోన్‌లో పాత వీడియోలు తీయండి

ఇది అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని, పైసా ఖర్చు లేనిది. అన్నప్రాసన, మొదటి పుట్టినరోజు, అమ్మమ్మ వాళ్ళకి వాట్సాప్‌లో పంపినవి, అన్నీ తేదీల వరసలో చూడండి. పాప ఏ నెలలో గిలక పట్టుకుంది, ఎప్పుడు టాటా చెప్పింది, పిలిస్తే ఎప్పుడు తిరిగి చూసింది, ఆఖరిసారి ఆ మాట ఎప్పుడు అంది. ఒక కాగితం మీద రెండు వరసలు గీసి, ఒక వైపు "వచ్చింది", ఇంకో వైపు "పోయింది" అని రాసి నెలలు వేయండి. జ్ఞాపకం మీద ఆధారపడొద్దు, టెన్షన్‌లో ఉన్నప్పుడు నెలలు ముందువెనకలు అయిపోతాయి, అమ్మ ఒకటి చెబితే నానమ్మ ఇంకోటి చెబుతుంది.

ఈ జబ్బు ఒక్కసారిగా మొదలవదు. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు ఒక నెమ్మదైన దశ ఉంటుంది, అప్పుడు కొత్తవి నేర్చుకోవడం ఆగినట్టు అనిపిస్తుంది. పాకడం రాదు, లేదా ఆలస్యంగా వస్తుంది. ఏడవదు, అల్లరి చేయదు, "మా పాప బంగారం, ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉంటుంది" అని మెచ్చుకుంటూ ఉంటారు. తర్వాత ఒకటి నుంచి నాలుగేళ్ళ మధ్య ఎప్పుడో వెనక్కి వెళ్ళడం మొదలవుతుంది. కొందరిలో వారాల్లో జరిగిపోతుంది, కొందరిలో నెలలు పడుతుంది. ఆ రోజుల్లో కారణం లేకుండా గంటల తరబడి ఏడుస్తారు, రాత్రి నిద్ర ఉండదు, మనుషుల వైపు చూడటం తగ్గుతుంది. ఆ తర్వాత అది ఆగి, పిల్ల కొంచెం తేరుకుంటుంది. ఇలా నేర్చుకున్నవి పోవడం, తర్వాత ఆ పోవడం ఆగి నిలకడ రావడం అనేదే ఈ జబ్బు గుర్తింపులో కీలకం, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే అవుతుంది.

టీకా వేయించిన తర్వాతే ఇలా అయిందని చాలామందికి అనుమానం వస్తుంది. 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టరు, ఎంఆర్ రెండో డోసు వేస్తారు, ఈ జబ్బు బయటపడే వయసూ అదే, అందుకే అలా అనిపిస్తుంది. జన్యువులో మార్పు పాప పుట్టకముందే ఉంది. మిగతా టీకాలు ఆపకండి.

చేతుల్ని గమనించండి

మొత్తం లక్షణాల్లో ఒక్కటే చూడగలిగే టైముంటే చేతులే చూడండి. రెండు విషయాలు వేరువేరుగా చూడాలి: చేతులు చేయాల్సిన పని చేస్తున్నాయా, చేయక్కర్లేని పని ఆగకుండా చేస్తున్నాయా.

మొదటిదానికి పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు పళ్ళెంలో నాలుగు మరమరాలు వేయండి, పక్కనే ఉండండి, గొంతుకి అడ్డం పడకుండా చూసుకోండి. పది నెలలు, ఏడాది పిల్లలు బొటనవేలు, చూపుడువేలుతో ఒక్కొక్కటీ ఏరుకుంటారు. మీ పాప అప్పట్లో ఏరుకునేదా, ఇప్పుడు పళ్ళెం వంక చూస్తూ చెయ్యి కదపలేకపోతోందా, అరచేత్తో కెలికి వదిలేస్తోందా? పాల గ్లాసు, బిస్కెట్, తనకిష్టమైన బొమ్మ, వీటితో కూడా చూడండి. కావాలన్న కోరిక కళ్ళలో కనిపిస్తూనే ఉండి చెయ్యి మాత్రం అటు వెళ్ళకపోవడం ఈ పిల్లల్లో ఉండే పెద్ద ఇబ్బంది. మొండితనం కాదు, మెదడు ఇచ్చే ఆజ్ఞ చేతి దాకా సరిగ్గా చేరడం లేదు. తిట్టి, బలవంతంగా చేయిస్తే వచ్చేది కాదు.

రెండోది, చేతులు ఛాతీ ముందుకి తెచ్చుకుని సబ్బుతో కడుక్కుంటున్నట్టు ఒకదానితో ఒకటి రుద్దుకోవడం, పిండుకోవడం, చప్పట్లు కొట్టడం, నోట్లో పెట్టుకుని చొంగతో చర్మం పాడయ్యేదాకా నానబెట్టడం. మెలకువగా ఉన్నంతసేపూ ఉంటుంది, నిద్రపోతే ఆగిపోతుంది. చిన్నపిల్లలందరూ చేతులు నోట్లో పెట్టుకుంటారు నిజమే, కానీ బొమ్మ ఇవ్వగానే ఆపి బొమ్మ తీసుకుంటారు. ఇక్కడ ఆపలేరు. వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే పిల్లల డాక్టరుకి 1954లో ఈ జబ్బు కంటపడింది కూడా ఇలాగే. బయట గదిలో తల్లుల ఒళ్ళో కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు ఒకే రకంగా చేతులు రుద్దుకోవడం చూసి, తన పాత రికార్డుల్లో అలాంటి పిల్లల కోసం వెతికాడు. 1966లో జర్మన్ భాషలో రాస్తే ఎక్కువమంది పట్టించుకోలేదు. 1983లో స్వీడన్ డాక్టరు బెంగ్ట్ హాగ్‌బర్గ్, తోటి డాక్టర్లతో కలిసి 35 మంది ఆడపిల్లల గురించి ఇంగ్లీషులో రాశాకే ప్రపంచమంతా తెలిసింది.

ఒక నిమిషం వీడియో చేతులది విడిగా తీసి పెట్టుకోండి. క్లినిక్‌లో కొత్త మనుషుల్ని చూసి పాప ఆ పది నిమిషాలు వేరేలా ఉండొచ్చు.

తల చుట్టుకొలత, నడక

దర్జీ టేపు తీసుకుని కనుబొమ్మలకి కాస్త పైన, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోట నుంచి చుట్టి కొలవండి. మూడుసార్లు కొలిచి ఎక్కువ వచ్చింది రాసుకోండి. పుట్టినప్పుడు తల దాదాపు 34 సెంటీమీటర్లు, ఏడాదికి దాదాపు 45 ఉంటుంది. ఒక్క కొలత చూసి భయపడక్కర్లేదు, పెరుగుదల చార్టులో పాప గీత ఎలా పోతోందన్నదే ముఖ్యం. పుట్టినప్పుడు మామూలుగా ఉండి, కొన్ని నెలల తర్వాత పెరుగుదల మందగించిందంటే అది చెప్పుకోదగ్గ గుర్తు. డిశ్చార్జి కాగితంలో, టీకాల కార్డులో పాత కొలతలేమైనా రాశారేమో చూడండి. రెట్ ఉన్న పిల్లలందరిలోనూ తల చిన్నదవుతుందని కాదు, మామూలుగా ఉంటే ఈ జబ్బు లేనట్టు కూడా కాదు.

నడిచే పిల్లయితే కాళ్ళు ఎడంగా వేసి బిగుసుకున్నట్టు, ఊగుతూ నడుస్తుంది, కొందరు మునివేళ్ళ మీద నడుస్తారు. కొందరికి నడక అసలు రాదు.

ఇవి కూడా రాసుకోండి

శ్వాస. మెలకువలో ఉన్నట్టుండి గబగబా ఊపిరి తీయడం, తర్వాత బిగబట్టి ఆగిపోవడం, ఒక్కోసారి పెదవులు నీలంగా మారడం. నిద్రలో మాత్రం చాలావరకు బాగానే ఉంటుంది. గాలి మింగేసి పొట్ట ఉబ్బి గట్టిగా అయిపోతుంది, దాన్ని అజీర్తి అనుకుని గ్రైప్ వాటర్ పోస్తుంటారు. పళ్ళు పటపటా కొరకడం, పగలు కూడా. మే నెల ఎండలో కూడా పాదాలు చల్లగా, కాస్త నీలంగా ఉండటం. అర్ధరాత్రి లేచి గట్టిగా నవ్వడం లేదా కేకలు పెట్టడం. ఇంజెక్షన్ చేసినా, పడి దెబ్బ తగిలినా ఆలస్యంగా ఏడవడం. మలబద్ధకం.

వీటిలో ఒకటో రెండో చాలామంది మామూలు పిల్లల్లోనూ ఉంటాయి. పళ్ళు కొరుకుతోందని రాత్రంతా నిద్రమానుకోవద్దు. చేతి నైపుణ్యం పోవడం, మాట పోవడం, ఆగని చేతి కదలికలు, నడక తేడా, ఈ నాలుగే అసలు గుర్తులు. మిగతావి వాటికి తోడుగా చూడాల్సినవి.

ఆటిజం అని ముందే ఎవరైనా చెప్పి ఉంటే దాన్ని కొట్టిపారేయకండి, అక్కడితో ఆగిపోనూ వద్దు. వెనక్కి వెళ్ళే దశలో ఈ పిల్లలు అచ్చం ఆటిజం ఉన్నట్టే కనిపిస్తారు. ఆ దశ దాటాక మాత్రం చాలామంది కళ్ళలోకి నేరుగా, ఎంతసేపైనా చూస్తారు, కావలసిన వస్తువు వైపు చూసి, మీ వైపు చూసి, మళ్ళీ వస్తువు వైపు చూస్తారు. ఆటిజం అన్న ఆడపిల్ల చేతులు వాడటం మానేసిందంటే జన్యు పరీక్ష గురించి అడగడం మీ హక్కు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సింది ఎప్పుడు

ఫిట్స్ మొదటిసారి వస్తే, అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే, ఒకదాని వెంట ఒకటి వస్తే 108కి ఫోన్ చేయండి. పాపని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, టైము చూడండి. చేతిలో తాళాలు, ఇనుప ముక్క పెట్టొద్దు, ఉల్లిపాయ వాసన చూపించొద్దు, నోట్లో చెంచా, నీళ్ళు ఏమీ పెట్టొద్దు. శ్వాస బిగబట్టడం కూడా ఒక్కోసారి ఫిట్స్‌లాగే ఉంటుంది. ఇంట్లో ఇంకొకరుంటే వాళ్ళు వీడియో తీయాలి, తేడా తేల్చడానికి డాక్టరుకి అదీ, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే) పరీక్షా కావాలి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ముందు మీ పిల్లల డాక్టరు, అక్కడి నుంచి పిల్లల న్యూరాలజిస్టు, అంటే మెదడు, నరాల డాక్టరు. మాట పోయిన పాపకి వినికిడి పరీక్ష, అంటే బెరా, తప్పనిసరి. ప్రభుత్వం తరఫున చూపించుకోవాలంటే జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా ఉండే డీఈఐసీ, అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం గురించి అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి అక్కడ చూస్తారు. ఆశా కార్యకర్తకి, అంగన్‌వాడీ టీచరుకి చెబితే దారి చూపిస్తారు. జన్యు విభాగం కావాలంటే హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ ఉంది, జన్యు పరీక్షలకి ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే కేంద్ర ప్రభుత్వ డీఎన్ఏ సంస్థ ఉంది. రాయలసీమ వాళ్ళకి వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర.

వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాల్సినవి: మీరు రాసిన ఆ రెండు వరసల కాగితం, తల కొలతలు, మూడు చిన్న వీడియోలు (పాతది ఒకటి, చేతులది ఒకటి, శ్వాసది ఒకటి), వాడుతున్న మందుల చీటీ. డాక్టరు తొందరలో ఉంటే కథంతా చెప్పక్కర్లేదు, "ఫలానా నెలలో వచ్చినవి ఫలానా నెలలో పోయాయి" అన్న ఒక్క వాక్యంతో మొదలుపెట్టండి. "రెట్ అయ్యుండొచ్చా?" అని నేరుగా అడగండి. అలా అడిగితే డాక్టరు ఏమనుకుంటారోనన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

జన్యు పరీక్ష

కొద్దిగా రక్తం తీసి ఎంఈసీపీ2 అనే జన్యువుని చూస్తారు, మెక్-పీ-టూ అని పలుకుతారు. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. 1999లో అమెరికాలో హ్యూస్టన్‌లోని హుడా జోగ్బీ ల్యాబ్ దీన్ని కనిపెట్టింది. రెండు రకాలుగా చూడమని అడగండి: ఒకటి సీక్వెన్సింగ్, అంటే జన్యువుని అక్షరం అక్షరంగా చదవడం, రెండోది ఎంఎల్‌పీఏ. జన్యువులో పెద్ద ముక్కే ఎగిరిపోతే సీక్వెన్సింగ్‌లో తెలియకపోవచ్చు, అది ఎంఎల్‌పీఏలో దొరుకుతుంది. ఎక్సోమ్ పరీక్ష (చాలా జన్యువుల్ని ఒకేసారి చదివేది) చేయించినా ఈ ప్రశ్న అడగాల్సిందే. రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది, ఈలోగా థెరపీ ఆపొద్దు. అసలు మొదలే పెట్టకపోతే రిపోర్టు కోసం చూడకుండా మొదలుపెట్టండి.

అన్ని లక్షణాలూ ఉన్న పిల్లల్లో నూటికి 95 మందికి పైగా ఈ జన్యువులో మార్పు దొరుకుతుంది. దొరకకపోతే సీడీకేఎల్5, ఫాక్స్‌జీ1 అనే జన్యువుల్ని చూస్తారు, ముఖ్యంగా ఫిట్స్ మొదటి నెలల్లోనే వచ్చి ఉంటే. రిపోర్టు ఏదైనా దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి అర్థం అడగకుండా జెనెటిక్ కౌన్సెలింగ్‌లోనే, అంటే జన్యు జబ్బుల గురించి వివరించి చెప్పే నిపుణుల దగ్గరే చదివించుకోండి. మగపిల్లల్లో ఈ మార్పు చాలా అరుదు, ఉంటే ఎక్కువగా పుట్టిన నెలల్లోనే తీవ్రంగా బయటపడుతుంది.

ఇప్పుడొక మాట గట్టిగా చెప్పాలి. రిపోర్టు రాగానే మన ఇళ్ళలో మొదట వేలు చూపించేది తల్లి వైపు. "మీ వైపు ఎవరికైనా ఉందా", "మేనరికం వద్దన్నా విన్నారా", "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు". ఇవేవీ కారణం కావు. మేనరికం వల్ల కొన్ని జన్యు జబ్బుల ముప్పు పెరిగేది నిజం, అవి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు లోపాలూ కలిస్తే వచ్చేవి. రెట్ అలా రాదు. నూటికి 99 కేసుల్లో అప్పటికప్పుడు కొత్తగా పుట్టిన మార్పు, అది కూడా చాలావరకు తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోమ్ మీద జరుగుతుంది, దాంట్లో తండ్రి చేసిన తప్పూ లేదు. ఈ పేరా అత్తగారింట్లో చదివి వినిపించండి. తర్వాతి బిడ్డకి మళ్ళీ వచ్చే అవకాశం ఒక శాతం కన్నా తక్కువే, అయినా పూర్తిగా సున్నా కాదు కాబట్టి మళ్ళీ గర్భం దాల్చే ముందే కౌన్సెలింగ్‌కి వెళ్ళి, తల్లికి కూడా పరీక్ష కావాలేమో అడగండి.

దిష్టి తీయించుకోండి, మొక్కు మొక్కుకోండి, ఎవరూ కాదనరు. వస పోస్తే మాట తిరిగొస్తుందని మాత్రం ఎదురుచూడొద్దు, దేనికోసమూ డాక్టరు దగ్గరికి వెళ్ళే తేదీ వెనక్కి జరపొద్దు. లక్షలు తీసుకుని స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు చేస్తామనే వాళ్ళ దగ్గరికి అసలు వెళ్ళొద్దు. మన దేశ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బుల లాంటి కొన్నిటికి తప్ప స్టెమ్ సెల్స్‌ని అనుమతి ఉన్న ట్రయల్ (మందు పనిచేస్తుందో లేదో చూసే పరిశోధన) బయట చికిత్సగా ఇవ్వకూడదు.

రెట్ అని తేలాక

పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికి లేదు. 2023 మార్చిలో అమెరికాలో ట్రోఫినెటైడ్ అనే మందుకి అనుమతి వచ్చింది, రెండేళ్ళు దాటిన వాళ్ళకి. కొన్ని లక్షణాలు కొంత తగ్గుతాయి, విరేచనాలు ఎక్కువ, ధర చాలా ఎక్కువ. జీన్ థెరపీ, అంటే పనిచేసే జన్యువుని ఒంట్లోకి ఎక్కించే చికిత్స, దాని ట్రయల్స్ నడుస్తున్నాయి. 2007లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో శాస్త్రవేత్త ఏడ్రియన్ బర్డ్ బృందం, ఎలుకల్లో ఆ జన్యువుని మళ్ళీ పనిచేయించి లక్షణాలు వెనక్కి తిప్పగలిగింది, పరిశోధకుల ఆశకి ఆధారం అదే.

మీ చేతిలో ఉన్నది రోజువారీ సంరక్షణ, దానికి నిజంగా ఫలితం ఉంటుంది. ఈసీజీ తీయించండి, ఏటా మళ్ళీ తీయించండి. కొందరిలో గుండె కొట్టుకునే తీరులో క్యూటీ అనే కొలత పొడవవుతుంది, అలాంటప్పుడు జ్వరానికో వాంతులకో మామూలుగా రాసే అజిత్రోమైసిన్, ఆండన్‌సెట్రాన్, డోంపెరిడోన్ లాంటివి ప్రమాదం తేవచ్చు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఈ మాట చెప్పండి, మెడికల్ షాపులో అడిగి మందు కొనొద్దు. ఆరు నెలలకోసారి చొక్కా తీసి కూర్చోబెట్టి వెన్ను వంకర తిరుగుతోందా చూడండి, ఫిజియోథెరపీ వదలొద్దు. ఎముకలు బలహీనంగా ఉంటాయి, విటమిన్ డి పరీక్ష చేయించండి. బరువు పెరగకపోతే నెయ్యి, గుడ్డు, వేరుశెనగ ముద్ద లాంటివి మెత్తగా కలిపి పెట్టండి, మింగేటప్పుడు పొలమారుతుంటే ముందు డాక్టరుకి చూపించండి.

మాట్లాడటం కళ్ళతో నేర్పాలి. పాలు, అరటిపండు బొమ్మలు రెండు కాస్త దూరదూరంగా పట్టుకుని "ఏది కావాలమ్మా?" అని అడిగి ఆగండి. వెంటనే జవాబు రాదు, పది సెకన్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది. మనం తొందరపడి మళ్ళీ అడిగితే ఆ ప్రయత్నం మొదటికొస్తుంది. ఏ బొమ్మ వైపు చూపు ఆగిందో అదే ఇవ్వండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థ) ఇలాంటి శిక్షణ గురించి అడగొచ్చు.

కాగితాల పని కూడా అప్పుడే మొదలుపెట్టండి. మీసేవలో గానీ, ఆంధ్రలో సచివాలయంలో గానీ వైకల్య నిర్ధారణ పరీక్షకి స్లాట్ బుక్ చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోండి, యూడీఐడీ (దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు) కార్డుకి దరఖాస్తు పెట్టండి. పింఛనుకి 40 శాతం వైకల్యం నమోదవ్వాలి. స్లాట్ రోజున జన్యు రిపోర్టు, న్యూరాలజిస్టు రాసిన చీటీ, ఆధార్, ఫొటోలు ఒరిజినల్‌తో పాటు జిరాక్సులు పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాకి ఏడాదికి లక్ష రూపాయల వరకు పరిమితి ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది, మేధో వైకల్యం లేదా బహుళ వైకల్యం అని సర్టిఫికెట్‌లో ఉండాలి. బడి వయసు వచ్చాక మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఎక్కడుందో ఎంఈఓ ఆఫీసులో అడిగి పేరు రాయించండి, ఏ రోజుల్లో ఫిజియోథెరపిస్టు వస్తారో కూడా అప్పుడే కనుక్కోండి.